షేర్డ్ లైబ్రరీలు: వెర్షన్ నంబర్లు, పొందిక

కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాముల్లో చాలావాటి అవసరాలు ఒకటే. ఫైలు తెరవాలి, అక్షరాలు తెరమీద పేర్చాలి, డేటాను కుదించాలి, నెట్‌లో పంపే సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేయాలి. ఈ పనులు చేసే కోడ్‌ను ఒకే ఫైలుగా కట్టి డిస్కులో ఒకచోట ఉంచితే, ప్రోగ్రాములన్నీ నడిచే సమయంలో దాన్నే వాడుకుంటాయి. ఆ ఫైలే షేర్డ్ లైబ్రరీ. లినక్స్‌లో దాని పేరు చివర ‘.ఎస్‌ఓ’ అని, విండోస్‌లో ‘.డీఎల్ఎల్’ అని, మాక్‌ఓఎస్‌లో ‘.డైలిబ్’ అని ఉంటుంది. డిస్కు కలిసొస్తుంది, మెమరీ కలిసొస్తుంది. లైబ్రరీలో తప్పు దొరికితే ఆ ఒక్క ఫైలు మారిస్తే చాలు, దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ బాగుపడతాయి.

చిక్కు కూడా అక్కడే ఉంది. ప్రోగ్రామును కట్టినవారు వేరు, లైబ్రరీని కట్టినవారు వేరు. ఇద్దరూ వేర్వేరు ఏళ్లలో, ఒకరితో ఒకరికి పరిచయం లేకుండా పనిచేసి ఉండవచ్చు. వారు రాసినవి రెండూ తొలిసారి కలిసేది వాడకందారు యంత్రంలోనే. అప్పుడు ‘నాకు కావలసిన లైబ్రరీ ఇదేనా’ అని ప్రోగ్రాము పోల్చుకోవడానికి ఉన్న గుర్తు పేరు, దాని పక్కనున్న నంబరు. అందుకే లైబ్రరీ మీద వేసే నంబరు దాన్ని రాసినవారు ఇచ్చిన మాట. కొత్త సౌకర్యాలు ఎన్ని వచ్చాయో చెప్పడం దాని అసలు పని కాదు. పాత ప్రోగ్రాములు చెడకుండా నడుస్తాయా లేదా అన్నదే అది చెప్పాలి.

ఆ మాటకు రెండు మట్టాలున్నాయి. మొదటిది ఏపీఐ, అంటే సోర్స్ కోడ్ స్థాయిలో ఒప్పందం: ఫంక్షన్ల పేర్లు, వాటికి ఇవ్వవలసిన విలువలు, అవి తిరిగి ఇచ్చేవి. ఇది మారకపోతే పాత సోర్స్ కోడ్ మళ్లీ కంపైల్ అవుతుంది. రెండోది ఏబీఐ, అంటే కంపైల్ అయిపోయిన తర్వాత మిగిలే బైనరీ స్థాయి ఒప్పందం: ఏ విలువ ఎన్ని బైట్లు, ఏ సమాచారం ఎన్నో బైటు దగ్గర మొదలవుతుంది, ఏ రిజిస్టరులో ఏది వెళ్తుంది. షేర్డ్ లైబ్రరీల కష్టాలన్నీ దాదాపుగా ఈ రెండో మట్టానివే. సోర్స్ చూస్తే ఏమీ మారినట్టు కనిపించదు, కంపైలర్ నోరెత్తదు, ప్రోగ్రాము మాత్రం తప్పు లెక్క చెబుతుంది.

చిన్న ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఒక లైబ్రరీ తేదీని మూడు అంకెల స్ట్రక్చరుగా ఇస్తుందనుకోండి: రోజు, నెల, సంవత్సరం. ఒక్కోటి నాలుగేసి బైట్లు. రోజు సున్నా దగ్గర, నెల 4 దగ్గర, సంవత్సరం 8 దగ్గర మొదలవుతాయి. ప్రోగ్రాము కంపైల్ అయినప్పుడు ‘సంవత్సరం’ అన్న పేరు చెరిగిపోయి ‘8వ బైటు నుంచి చదువు’ అన్న ఆదేశం మాత్రమే మిగులుతుంది. కొత్త వెర్షన్లో ఎవరో రోజుకూ నెలకూ మధ్య ‘వారం’ అని ఇంకో అంకె చేర్చారు. సంవత్సరం 12కు జరిగింది, నెల 8కి వచ్చింది. పాత ప్రోగ్రాము ఎప్పటిలాగే 8 దగ్గర చదివి, నెలను సంవత్సరమనుకుంటుంది. వాడకందారుకు ఎర్రర్ మెసేజ్ కూడా కనబడదు. సరే, మధ్యలో కాకుండా చివర చేర్చితే? అదీ ఎప్పుడూ క్షేమం కాదు. స్ట్రక్చరుకు చోటు కేటాయించేది ప్రోగ్రామే అయితే, అది 12 బైట్ల చోటే ఇస్తుంది. కొత్త లైబ్రరీ అందులో 16 బైట్లు రాసి, పక్కనున్న సమాచారాన్ని చెరిపేస్తుంది. ఇలాంటి తప్పు ఎక్కడో దూరంగా, ఇంకెప్పుడో బయటపడుతుంది. వెతికేవారి ప్రాణం తోడేసే రకం ఇది.

దీనికి బాగా నిలబడ్డ విరుగుడు స్ట్రక్చరు లోపలి సంగతి ప్రోగ్రాముకు తెలియనివ్వకపోవడం. లైబ్రరీ ఒక పాయింటరు మాత్రమే చేతికిస్తుంది. లోపల ఏముందో చదవాలన్నా మార్చాలన్నా ఫంక్షన్లనే పిలవాలి. క్యూటీ లైబ్రరీలో దీన్ని డీ-పాయింటర్ అంటారు. ఒకే మేజర్ వెర్షన్‌లో ఏళ్ల తరబడి బైనరీ పొందిక నిలుపుకోవడానికి క్యూటీ, కేడీఈ బృందాలు ఈ పద్ధతినే నమ్ముకున్నాయి. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కూడా 2016లో 1.1.0 విడుదలతో ముఖ్యమైన స్ట్రక్చర్లను ఇలా మూసేసింది. ఆ మార్పుకు ఎన్నో ప్రోగ్రాములు కోడ్ తిరగరాసుకోవలసి వచ్చింది. రెండేళ్లకు వచ్చిన 1.1.1 మాత్రం 1.1.0 స్థానంలో, వాటిని మళ్లీ కట్టనక్కరలేకుండా వచ్చి కూర్చుంది.

ప్రోగ్రాము నడిచే వేళ అవసరమైన కోడ్‌ను తెచ్చి కలపడమన్న ఆలోచన 1960ల నాటి మల్టిక్స్‌లోనే ఉంది. యూనిక్స్ లోకంలో దానికి ఇప్పుడు మనకు తెలిసిన రూపం ఇచ్చినవాటిలో 1988 నాటి సన్‌ఓఎస్ 4.0 ముఖ్యమైనది. అందులో లైబ్రరీ పేరు చివర మేజర్, మైనర్ అని రెండు నంబర్లుండేవి. మేజర్ సరిపోవాలి, అది సరిపోయినవాటిలో మైనర్ పెద్దదాన్ని లోడర్ (నడిచే వేళ లైబ్రరీని తెచ్చి కలిపేది) ఎంచుకునేది. ఆ తర్వాత సిస్టమ్ ఫైవ్ నాలుగో విడుదలతో ఈఎల్ఎఫ్ అనే ఫైలు పద్ధతి వచ్చింది. లినక్స్‌లో అంతకుముందున్న పద్ధతిలో ప్రతి షేర్డ్ లైబ్రరీకి మెమరీలో ఫలానా చిరునామా అని ముందుగానే కేటాయించవలసి వచ్చేది. ఒకరి చోటులోకి మరొకరు రాకుండా చిట్టా రాసుకొని కాపాడుకునేవారు. 1995 ప్రాంతంలో స్లాక్‌వేర్, రెడ్ హ్యాట్ వంటి లినక్స్ పంపిణీలు (డిస్ట్రిబ్యూషన్లు) ఈఎల్ఎఫ్‌కు మారాక ఆ బెడద పోయింది.

ఈఎల్ఎఫ్‌లో ఒక్కో లైబ్రరీకి మూడు పేర్లుంటాయి. కుదింపు పనికి వాడే జెడ్‌లిబ్‌ను తీసుకుందాం. అసలు ఫైలు ‘లిబ్‌జెడ్.ఎస్‌ఓ.1.3.1’. దానికి ‘లిబ్‌జెడ్.ఎస్‌ఓ.1’ అని ఒక లింకు. నంబరే లేని ‘లిబ్‌జెడ్.ఎస్‌ఓ’ అని ఇంకో లింకు. చివరిది ప్రోగ్రామును కట్టేటప్పుడు లింకరు చూసే పేరు. నడిచేటప్పుడు దానితో పని లేదు, అందుకే పంపిణీలు దాన్ని ‘డెవ్’ ప్యాకేజీలో వేరుగా పెడతాయి. కీలకమైనది నడిమి పేరు. దాన్ని సోనేమ్ అంటారు, అది లైబ్రరీ ఫైలు లోపలే రాసి ఉంటుంది. ప్రోగ్రామును కట్టేటప్పుడు లింకరు ఆ సోనేమ్‌ను చదివి ప్రోగ్రాములో ‘నాకు ఇది కావాలి’ అన్న పట్టీలోకి ఎక్కిస్తుంది. తర్వాత ఎన్నేళ్లకు నడిపినా లోడర్ ఆ పేరునే వెతుకుతుంది. రీడ్‌ఎల్ఫ్ అనే ఆదేశంతో ఏ ప్రోగ్రామునైనా విప్పి చూస్తే ‘నీడెడ్’ అన్న వరుసల్లో ఈ పేర్లే బారులు తీరి కనిపిస్తాయి. జెడ్‌లిబ్ 1.2 నుంచి 1.3కు వెళ్లినా సోనేమ్ మారలేదు, కాబట్టి పాత ప్రోగ్రాములు కొత్త ఫైలుతో యథావిధిగా నడుస్తాయి. పొందిక తెగినప్పుడు సోనేమ్‌లోని నంబరు పెంచాలి. అప్పుడు పాతదీ కొత్తదీ రెండూ ఒకే యంత్రంలో పక్కపక్కనే ఉండగలవు, ఏ ప్రోగ్రామును దేనితో కట్టారో దానికి అదే దొరుకుతుంది.

ఇక్కడ కొత్తవారు తరచూ తడబడే సంగతి ఒకటుంది. విడుదల నంబరు వేరు, సోనేమ్ నంబరు వేరు. రెండూ కలిసే ఉండాలన్న నియమం లేదు, చాలాసార్లు కలవవు కూడా. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0.1కీ, 1.0.2కీ సోనేమ్ చివర 1.0.0 అనే ఉండేది. గ్నూ సీ లైబ్రరీ (జీలిబ్‌సీ) విడుదల నంబరు ఇప్పటికీ 2తోనే మొదలవుతుంది, దాని సోనేమ్ మాత్రం ‘లిబ్‌సీ.ఎస్‌ఓ.6’. అంతకుముందు లినక్స్‌లో వాడిన వేరే సీ లైబ్రరీ 4, 5 నంబర్లు వాడేసింది కాబట్టి, 1997లో గ్నూవారిది వచ్చేసరికి 6 మిగిలింది. తెలుగుతో సహా భారతీయ లిపుల అక్షరాలను ఒత్తులు, గుణింతాలతో సరిగ్గా పేర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ విడుదల నంబరు పది దాటింది. సోనేమ్ మాత్రం ‘లిబ్‌హార్ఫ్‌బజ్.ఎస్‌ఓ.0’ దగ్గరే ఆగింది. చివరి సున్నా చూసి ఇంకా పక్వానికి రాని లైబ్రరీ అనుకోకూడదు. ఇన్నేళ్లూ పాత ప్రోగ్రాములను చెడగొట్టకుండా నడిపారనడానికి ఆ సున్నాయే సాక్ష్యం.

ఈ నంబరును చేత్తో వేయడం కష్టమని గ్నూ లిబ్‌టూల్ అనే పనిముట్టు మూడు అంకెల లెక్క తెచ్చింది: కరెంట్, రివిజన్, ఏజ్. కరెంట్ అంటే ఇప్పటి ఒప్పందం ఎన్నోదో చెప్పే అంకె. ఏజ్ అంటే వెనక్కి ఎన్ని ఒప్పందాల వరకు ఇంకా మాట నిలుస్తుందో చెప్పేది. లినక్స్‌లో కరెంట్ నుంచి ఏజ్ తీసేస్తే వచ్చేదే సోనేమ్ నంబరు. లిబ్‌ఎక్స్ఎంఎల్2 దీనికి చక్కని నిదర్శనం. 2.13 వెర్షన్లో కరెంట్ 15, ఏజ్ 13, తీసేస్తే 2. అందుకే ఎన్నో ఏళ్లుగా దాని సోనేమ్ 2 మీదే ఉంది. 2025లో వచ్చిన 2.14లో బైనరీ పొందిక తెగింది. కరెంట్ 16 అయింది, వెనకటి మాట ఏదీ నిలవదు కనుక ఏజ్ సున్నా అయింది. దాంతో సోనేమ్ 2 నుంచి ఒక్క గెంతులో 16కు వెళ్లింది. లెక్క తెలియనివారికి ఇది పొరపాటులా కనిపిస్తుంది. లిబ్‌టూల్ తన పుస్తకంలో ఈ అంకెలను విడుదల నంబరుతో జతకట్టవద్దని గట్టిగా హెచ్చరిస్తుంది. అయినా ఆ తప్పు చేసే ప్రాజెక్టులకు కొదవ లేదు.

సోనేమ్ మార్చడం పెద్ద ఖర్చు. సీ లైబ్రరీలాంటిదానికి అది మారితే యంత్రంలోని ప్రతి ప్రోగ్రామునూ మళ్లీ కట్టాలి. అందుకే ఒక్కో ఫంక్షనుకు విడివిడిగా నంబరు వేసే పద్ధతి వచ్చింది, దాన్ని సింబల్ వెర్షనింగ్ అంటారు. మొదట సోలారిస్‌లో వచ్చింది. గ్నూ సీ లైబ్రరీ 1999 నాటి 2.1 నుంచి ఇంకా ముందుకు తీసుకెళ్లింది: ఒకే ఫంక్షనుకు పాత రూపం, కొత్త రూపం రెండూ ఒకే ఫైలులో ఉంటాయి. పాత ప్రోగ్రాము అడిగితే పాతది, కొత్తది అడిగితే కొత్తది. షేర్డ్ లైబ్రరీల చరిత్రలో వాడకందారుకు ఇంతగా మేలు చేసిన ఏర్పాటు మరొకటి లేదు.

దాని విలువ 2010లో తెలిసొచ్చింది. మెమ్‌సీపీవై అనే ఫంక్షన్ మెమరీలో ఒకచోటి బైట్లను ఇంకోచోటికి నకలు చేస్తుంది. రెండు చోట్లూ ఒకదానిమీద ఒకటి పడితే ఫలితానికి హామీ లేదని, అలాంటప్పుడు మెమ్‌మూవ్ వాడాలని సీ భాష ప్రమాణం ముందునుంచీ చెబుతోంది. ఆ ఏడాది సీ లైబ్రరీలో కొన్ని 64 బిట్ల ప్రాసెసర్ల కోసం వేగంగా నడిచే కొత్త మెమ్‌సీపీవై వచ్చింది. అది కొన్ని సందర్భాల్లో వెనకనుంచి ముందుకు నకలు చేస్తుంది. ఫెడోరా 14లో అది చేరగానే అడోబ్ ఫ్లాష్ ప్లేయర్‌లో శబ్దం పాడైంది, ఎందుకంటే ఆ ప్రోగ్రాము ఒకదానిమీద ఒకటి పడే చోట్లకు మెమ్‌సీపీవైనే వాడింది. తప్పు ఫ్లాష్‌ది, లైబ్రరీ నియమం మీరలేదు అన్నది ఒక వాదన. వాడకందారుకు నిన్నటిదాకా నడిచింది ఇవాళ నడవకపోతే ఆ నియమం ఎవరికి కావాలన్నది లినక్స్ కర్త లైనస్ టోర్వాల్డ్స్ వాదన. చివరికి 2011లో వచ్చిన 2.14 వెర్షన్లో సింబల్ వెర్షనింగ్‌తో దారి దొరికింది. పాత ప్రోగ్రాములు అడిగే ‘మెమ్‌సీపీవై, జీలిబ్‌సీ 2.2.5’ అన్న గుర్తుకు మెమ్‌మూవ్ లాంటి భద్రమైన నడక పెట్టారు. కొత్తగా కట్టేవాటికి ‘జీలిబ్‌సీ 2.14’ అన్న గుర్తుతో వేగమైనది ఇచ్చారు.

నా మట్టుకు టోర్వాల్డ్స్ పక్షమే న్యాయం. డాక్యుమెంటులో రాసిన నియమం ఎంత ఒప్పందమో, ఏళ్ల తరబడి కనబడిన నడవడి కూడా అంత ఒప్పందమే అవుతుంది. లైబ్రరీని వాడేవారు పెరిగేకొద్దీ దాని ప్రతి చిన్న అలవాటు మీదా ఎవరో ఒకరు ఆధారపడతారని గూగుల్ ఇంజినీరు హైరమ్ రైట్ గమనించారు. ఆ పరిశీలన ఆయన పేరుతోనే నియమంగా స్థిరపడింది.

ఈ పద్ధతికి ఒక వెలితి ఉంది: వెనక్కి మాత్రమే మాట నిలుస్తుంది. పాత యంత్రంలో కట్టింది కొత్తదాంట్లో నడుస్తుంది, కొత్తదాంట్లో కట్టింది పాతదాంట్లో నడవాలని లేదు. ‘జీలిబ్‌సీ 2.34 దొరకలేదు’ అన్న మెసేజ్ లినక్స్ సర్వర్లు చూసుకునేవారికి చిరపరిచితం. 2021 ఆగస్టులో వచ్చిన 2.34లో అంతవరకు విడిగా ఉన్న థ్రెడ్ల లైబ్రరీని సీ లైబ్రరీలోనే కలిపేశారు. ప్రోగ్రాము మొదలయ్యే ఫంక్షనుకే కొత్త గుర్తు వచ్చింది. అందువల్ల 2.34 మీద కట్టిన మామూలు ప్రోగ్రాము ఏదైనా అంతకంటే పాత యంత్రంలో అసలు మొదలే కాదు. పాత ప్రోగ్రాముల కోసం మాత్రం ‘లిబ్‌పీథ్రెడ్.ఎస్‌ఓ.0’ అన్న ఫైలును లోపల పెద్దగా ఏమీ లేకుండా పేరుకు అలాగే ఉంచారు. ఈ వెలితి నుంచి తప్పించుకోవడానికి పైథాన్ లోకం మెనీలినక్స్ అనే ఒడంబడిక చేసుకుంది. 2016లో దాని తొలిరూపం సెంట్‌ఓఎస్ 5ను, అంటే జీలిబ్‌సీ 2.5ను ఆధారంగా తీసుకుంది: ప్యాకేజీని కావాలనే పాత యంత్రం మీద కడితే అంతకంటే కొత్తవాటన్నిటిలోనూ నడుస్తుంది.

సీ++లో బాధ ఇంకో మెట్టు పైన. ఫంక్షన్ పేరులోకి దాని ఆర్గ్యుమెంట్ల రకాలు కూడా ముడిపడి వస్తాయి, వర్చువల్ ఫంక్షన్ల పట్టిక వరుస కూడా ఏబీఐలో భాగమే. 2004లో జీసీసీ కంపైలర్ 3.4 వెర్షన్‌తో వచ్చిన సీ++ ప్రామాణిక లైబ్రరీ ‘లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్‌ఓ.6’ సోనేమ్ ఇప్పటికీ మారలేదు. అయితే సీ++11 ప్రమాణం స్ట్రింగ్, లిస్ట్ రకాల లోపలి అమరికను మార్చక తప్పని షరతులు పెట్టింది. 2015లో జీసీసీ 5 రెండు అమరికలనూ ఒకే లైబ్రరీలో పెట్టి, కొత్త పేర్లకు ‘సీఎక్స్ఎక్స్11’ అన్న గుర్తు తగిలించింది. పాత ప్రోగ్రాములు బతికిపోయాయి. కానీ సగం పాత అమరికతో, సగం కొత్త అమరికతో కట్టిన కోడ్‌ను కలపబోయినవారికి అర్థంకాని లింకరు ఎర్రర్లు వరుసకట్టాయి.

విండోస్‌లో ఇదే కథ వేరే దారిలో నడిచింది. 1990లలో ఇన్‌స్టాల్ చేసే ప్రతి ప్రోగ్రామూ తన వెంట తెచ్చుకున్న డీఎల్ఎల్‌ను సిస్టమ్ ఫోల్డరులో పాతదాని మీద రాసేసేది. కొత్త ప్రోగ్రాము నడిచేది, పాతది మూలపడేది. ‘డీఎల్ఎల్ హెల్’ అన్న పేరు అలా స్థిరపడింది. విండోస్ 2000 సిస్టమ్ ఫైళ్లకు కాపలా పెట్టింది. 2001లో ఎక్స్‌పీ ఒకే డీఎల్ఎల్ వేర్వేరు వెర్షన్లు పక్కపక్కన ఉండే ఏర్పాటు తెచ్చింది. ఆ తర్వాత కూడా ప్రతి విజువల్ సీ++ విడుదలకూ వేరే రన్‌టైమ్ కావలసి వచ్చేది. 2015 విడుదల నుంచి 2022 విడుదల దాకా ఒకే రన్‌టైమ్ సరిపోయేలా మైక్రోసాఫ్ట్ పొందిక నిలిపింది. మాక్‌ఓఎస్‌లో లైబ్రరీ లోపలే రెండు నంబర్లు రాసి ఉంటాయి, ఒకటి ప్రస్తుత వెర్షన్, రెండోది ఎంతవరకు పొందిక ఉందో చెప్పేది.

ఎన్ని తిప్పలున్నా షేర్డ్ లైబ్రరీలను ఎందుకు వదులుకోకూడదో చెప్పే రెండు సంఘటనలున్నాయి. 2014 ఏప్రిల్లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడింది. 1.0.1జీ అన్న విడుదలలో దాన్ని సరిచేశారు. సోనేమ్ మారలేదు కనుక, ఫైలు మార్చి సర్వర్ ప్రోగ్రాములను తిరిగి మొదలుపెడితే వాటికి దిద్దుబాటు అందింది. లైబ్రరీని తమలోనే కలిపి కట్టుకున్న ప్రోగ్రాములను మాత్రం ఒక్కొక్కదాన్నే వెతికి పట్టుకోవలసి వచ్చింది. రెండోది తెలుగువారికి బాగా గుర్తుండేది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన యూనికోడ్ వరుసలో, మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్‌తో వస్తే, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. అక్షరాలు పేర్చే లైబ్రరీ అందరిదీ ఒకటే, కాబట్టి మెసేజ్‌ల యాప్‌లన్నిటికీ ఒకే గతి పట్టింది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో ఆ లైబ్రరీని సరిచేయగానే యాప్‌లన్నీ ఒకేసారి కోలుకున్నాయి. వాటిని రాసినవారు ఒక్క వాక్యం కూడా మార్చనక్కరలేకపోయింది. ఆ అక్షరం తెలుగుది కావడం వల్ల మన భాషకు చెడ్డపేరు వచ్చిందే గానీ, తప్పు అక్షరానిది కాదు.

గిట్‌హబ్ సహవ్యవస్థాపకుడు టామ్ ప్రెస్టన్-వెర్నర్ ప్రచారంలోకి తెచ్చిన సెమాంటిక్ వెర్షనింగ్ ఇవాళ ఎక్కువమంది నోట వినబడే పద్ధతి. దాని 2.0.0 పాఠం 2013 నాటిది. మేజర్, మైనర్, ప్యాచ్ అని మూడు అంకెలు. పొందిక తెగితే మొదటిది, సౌకర్యం చేరితే రెండోది, తప్పు దిద్దితే మూడోది పెరుగుతుంది. ఇది ఏపీఐ గురించి మాట్లాడుతుందని, ఏబీఐని ప్రస్తావించదని గుర్తుంచుకోవాలి. సెమాంటిక్ వెర్షనింగ్ ప్రకారం నిక్కచ్చిగా నడిచిన లైబ్రరీ కూడా ప్యాచ్ విడుదలలో స్ట్రక్చరు సైజు పెంచి ప్రోగ్రాములను కూల్చగలదు. సీ, సీ++ లైబ్రరీలు విడుదల చేసేవారు నంబరు నిర్ణయించేముందు పాత ఫైలునూ కొత్త ఫైలునూ అబిడిఫ్ వంటి పనిముట్టుతో పోల్చి చూడాలి. స్ట్రక్చరు సైజు పెరిగిందా, సింబల్ మాయమైందా అన్నది అది వరుసగా చెబుతుంది. దీనికి పట్టే సమయం తక్కువ, చేయనివారే ఎక్కువ.

అందరూ షేర్డ్ లైబ్రరీల దారిలో నడవరు. గో భాష మామూలుగా అన్నీ ఒకే ఫైలులో కట్టేస్తుంది. రస్ట్‌కు స్థిరమైన ఏబీఐ లేదు. డాకర్, ఫ్లాట్‌ప్యాక్ వంటివి ప్రోగ్రాముతోపాటు లైబ్రరీలనూ మూటగట్టి ఇస్తాయి. పొసగకపోవడమన్న బాధ తగ్గుతుంది, లోపం దొరికినప్పుడు ప్రతి మూటనూ విప్పి కట్టవలసిన బాధ మొదలవుతుంది.

పంపిణీల స్థాయిలో ఈ మధ్య జరిగిన పెద్ద మార్పు డెబియన్, ఉబుంటులు 2024లో చేపట్టినది. 32 బిట్ల యంత్రాల్లో కాలాన్ని సెకన్లలో లెక్కించే టైమ్‌టీ అన్న అంకె 2038 జనవరి 19న నిండిపోతుంది. దాన్ని 64 బిట్లకు పెంచితే, దాన్ని వాడే ప్రతి లైబ్రరీ ఏబీఐ మారుతుంది. కానీ లైబ్రరీల అసలు కర్తలు సోనేమ్ మార్చలేదు. అందుకని పంపిణీలు ప్యాకేజీ పేర్లకే ‘టీ64’ అని తోక తగిలించి, ‘లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64’ వంటి కొత్త పేర్లతో వందల లైబ్రరీలనూ వాటిమీద ఆధారపడిన ప్రోగ్రాములనూ తిరిగి కట్టాయి. 32 బిట్ల ఇంటెల్ యంత్రాల కోసం ఉన్న ఐ386ను మాత్రం కావాలనే వదిలేశారు. ఆ విభాగం ఇప్పుడు బతికున్నదే ఎక్కువగా పాత బైనరీలను నడపడానికి. వాటి పొందిక తెంచితే దాన్ని ఉంచడంలో అర్థం లేదు. అందులో 32 బిట్ల టైమ్‌టీతో మిగిలిన ప్రోగ్రాముల లెక్క 2038 జనవరి 19న, మన కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల వరకే సరిగ్గా నడుస్తుంది.